మెడ మీద చెయ్యి

ఆ ఉదయం ఫిజియోథెరపిస్టు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చివరి జట్టులోని ఇరవై మంది మెడలూ కొలిపించి, రెండేళ్ల పరిశోధన ముగించి, ఇంటికెళ్లి నిద్రపోవడం. మెడనొప్పికి చేత్తో చేసే చికిత్స నిజంగా పనిచేస్తుందా అన్నది ఆమె తేల్చాలి. అందుకని నెలరోజులుగా పదిమందికి కీలు కీలూ కదిపి చికిత్స చేసింది. మిగతా పదిమందికి ఊరికే చెయ్యి ఆనించింది. ఎవరికి ఏది దక్కిందో వాళ్లకి తెలియకూడదు. అందుకే ఆసుపత్రి వరండా గోడకు "చికిత్స గురించి మాట్లాడుకోరాదు" అని పెద్దక్షరాలతో అంటించింది.

సరిగ్గా ఆ కాగితం కిందే కూర్చుని మాట్లాడుకున్నారు దర్జీ, ఆయన బావమరిది బస్సు డ్రైవరు.

"నీ మెడ భలే తిరుగుతోందే బావా! ఏం చేసిందేంటి ఆవిడ?"

"ఏముంది, చెయ్యి అలా మెత్తగా ఆనిస్తుంది. లోపల ఏదో పాకినట్టుంటుంది. బంగారంలాంటి చెయ్యిలే!"

డ్రైవరు ముఖం కందగడ్డ అయింది. "మరి నన్నెందుకు పిండి పిసికినట్టు పిసికింది? నొప్పి కాస్తంత కూడా తగ్గలేదు! నీకైతే సేవలు, నాకైతే చావుదెబ్బలా?"

ఆ అరుపుకి వరండా అంతా లేచింది. "నన్నూ పిసికింది!" అంది ఒకావిడ. "నాకు ఆనించిందంతే!" అని ఒక గుమాస్తా నోరుజారి నాలిక కరుచుకున్నాడు. ఇక పిసికించుకున్నవాళ్లంతా ఒక్కటై, "మాకూ చెయ్యి ఆనించాల్సిందే!" అంటూ తలుపు బాదారు. విభాగం పెద్దాయన బయటికొచ్చి, ఏం జరిగిందో వినకుండానే ఫిజియోథెరపిస్టు మీద విరుచుకుపడ్డాడు.

"ఒక్క రహస్యం దాచడం చేతకాదా నీకు? రెండేళ్ల పని మంటగలిపావు!"

అప్పటిదాకా పళ్ల బిగువున ఓర్చుకున్న ఆమెకు తిక్క రేగింది.

"అయ్యా డ్రైవరుగారూ! మీకు చేసిందే అసలు చికిత్స! మీ బావగారికి నేను చేసింది ఏమీ లేదు. మెడ మీద చెయ్యి పెట్టి, ఇంట్లోకి ఏం సరుకులు కావాలో ఆలోచించుకున్నాను!"



"ఏమీ... లేదా?" అన్నాడు దర్జీ.

"ఏమీ లేదు!"

ఆయన చెయ్యి మెల్లగా మెడ మీదికి పోయింది. "అబ్బా... పట్టేసిందమ్మా!"

డ్రైవరు మాత్రం ఛాతీ విరుచుకుని తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "అదేంటో, ఇప్పుడు తేలిగ్గా ఉంది బావా. ఎంతైనా అసలు చికిత్స కదా!"

మెడలు కొలిచే ఉద్యోగిని ఇద్దరినీ కొలిచింది. దర్జీ మెడ ముప్ఫై డిగ్రీల దగ్గర ఆగిపోయింది. డ్రైవరుది ఎనభైకి చేరింది. ఆమె కాగితం ముందుకు లాక్కుని, పెన్ను పట్టుకుని అడిగింది.

"మేడమ్, చికిత్స ఎంతసేపు జరిగిందని రాయమంటారు, నెలరోజులా, అరనిమిషమా?"