గడప దగ్గర ఆగిన గుర్తింపు

ఆ మంగళవారం ఉదయానికి ఒర్తెన్సియా వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజధాని బొగోటా నుంచి తనిఖీ వాళ్ళు ఎనిమిదికి వస్తారు. బడి చూస్తారు. మధ్యాహ్నం సాన్కోచో పులుసు తాగి వెళ్ళిపోతారు. బడి గుర్తింపు మరో ఏడేళ్ళు సాగుతుంది.

సాగకపోతే బడి ఉండదు. మునిసిపాలిటీ బడి నడిచే ఆ పాత కాఫీ గోదామును ఇచ్చింది గుర్తింపు ఉన్నంత కాలానికే. అది పోయిన మర్నాడు మళ్ళీ బస్తాలు దిగుతాయి. మేయరు బావమరిది ఆ బస్తాలు సిద్ధంగానే ఉంచాడు.

గుర్తింపు నిలవాలంటే ముఖ్యమైన షరతు ఒకటుంది. ఏ పని చెయ్యాలో పిల్లలే ఎంచుకోవాలి. పనిలో మునిగిన పిల్లలను పెద్దలెవరూ కదిలించకూడదు. ప్రధానోపాధ్యాయురాలిగా ఒర్తెన్సియా ఈ సంగతి ఇరవై ఏళ్ళుగా తల్లిదండ్రులకు చెబుతోంది. తను మాత్రం ఒక్కరోజూ నమ్మలేదు. అందుకే సోమవారం సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి పనులు పంచింది.

"సులేమా, నువ్వు గడప కడుగు. ఎవెలియో, నువ్వు అరటిపళ్ళు ముక్కలు కొయ్యి. వాళ్ళు లోపలికి వచ్చేదాకా ఎవరూ ఆపకూడదు. ఎవరు చెప్పారని అడిగితే?"

"ఎవరూ చెప్పలేదు, టీచర్!" అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

ఎనిమిదికి తనిఖీ అధికారి దోన్యా బెనిల్దా తన సహాయకుడితో వచ్చింది. ఐదేళ్ళ సులేమా మోకాళ్ళ మీద కూర్చుని గడప తోముతోంది. బెనిల్దా ఆగి, సహాయకుడికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బాబూ. పిల్ల పనిలో ఉంది. దాటామంటే ధ్యాస చెదిరిపోతుంది."

సులేమా ఓరగా చూసింది. వాళ్ళు లోపలికి రాలేదు. మళ్ళీ తోమింది.

లోపలి నుంచి ఒర్తెన్సియా నవ్వుతూ చూస్తోంది. కాసేపటికి ఆ నవ్వుకు దవడలు నొప్పి పుట్టాయి. వాన మొదలైంది.

"ఒర్తెన్సియా గారూ, ఆ పిల్లను లెమ్మనండి. వాళ్ళు తడిసిపోతున్నారు," అంది యదీరా టీచరు.

"నీకు మతిపోయిందా? వాళ్ళ కళ్ళముందే పిల్లను కదిలించనా? గుర్తింపు అక్కడే పీకేస్తారు."

"పోనీ పక్క తలుపు తీసి అటునుంచి రమ్మందామా?"

"తియ్యి. దాని వెనకాల ఏం దాచామో గుర్తుందిగా?"

యదీరాకు గుర్తొచ్చింది. టీవీ, బుద్ధిమంతులకు బంగారు నక్షత్రాలు అతికించే బోర్డు, అల్లరి చేసినవాళ్ళను కూర్చోబెట్టే కుర్చీ. బహుమతులూ శిక్షలూ నిషేధమైన ఆ బడిలో ఉండకూడనివన్నీ అక్కడే ఉన్నాయి. ఆమె తలుపు జోలికి పోలేదు.

పిల్లలు మాత్రం మాట తప్పలేదు. ఎవెలియో అరటిపళ్ళు అవగొట్టి, పులుసుకు ఉంచిన పచ్చి అరటికాయల మీద పడ్డాడు. అవీ అయ్యాక పూలగుత్తి కోశాడు. మొక్కలకు నీళ్ళు పోసే పిల్లాడి కుండీలు పొంగి నీళ్ళు గది దాటాయి. బూట్లు తుడిచే పిల్లకు బూట్లు అయిపోతే, వంటామె చేతిసంచికి నల్ల పాలిష్ పట్టించింది.

"అయ్యో నా సంచి! ఆదివారం చర్చికి పట్టుకెళ్ళే సంచి!"

"అరవకు, రొసల్బా. పిల్ల ఏకాగ్రతలో ఉంది," అంది ఒర్తెన్సియా.

"ఏకాగ్రతా? మీ సంచికి రాయమనండి ఏకాగ్రత! అరటికాయలూ పోయాయి. పట్నపు దొరసానికి వేణ్ణీళ్ళు కాచి పోస్తాను, తాగి పొమ్మనండి!"

బయట బెనిల్దా కళ్ళు చెమర్చాయి. "నా ఉద్యోగంలో ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదు," అంది. సహాయకుడి బూట్లలోకి నీళ్ళు చేరాయి. అతను ఒక కాలెత్తి బూటులోని నీళ్ళు ఒంపుకున్నాడు.

అప్పుడు గడప మీది ఆ శ్రద్ధ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

బెనిల్దా వంగింది. "ఏమైంది తల్లీ? నీ పని ఎప్పుడవుతుంది?"

"మీరు లోపలికొస్తే."

"నువ్వు ముగిస్తేనే కదమ్మా మేం వచ్చేది?"

"మీరొస్తేనే కదా నేను ఆపేది! వేళ్ళు మండుతున్నాయి. ఇంకెంతసేపు నిలబడతారు? రండి!"

"అలా అని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు," అంది సులేమా బుద్ధిగా. అంటూనే ఒర్తెన్సియా వైపు వేలు చూపింది.

బెనిల్దా గడప దాటింది. పిల్లలందరూ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేశారు. నేలంతా నీళ్ళు, అరటిముక్కలు, పూరేకులు. ఒర్తెన్సియా కళ్ళముందు గోదాములో దిగే బస్తాలు మెదిలాయి.

ఎవరూ చెప్పకుండానే సులేమా ముక్కు తుడుచుకుని, తుడుపుకర్ర కోసం పక్క తలుపు తీసింది. నక్షత్రాల బోర్డు వచ్చి బెనిల్దా కాళ్ళ మీద పడింది. సులేమా దాన్ని దాటి, కర్ర తీసుకుని, నీళ్ళు తుడవసాగింది. ఎవెలియో ముక్కలన్నీ ఏరి కోళ్ళకు వెయ్యడానికి బుట్టలో పోశాడు. బూట్ల పిల్ల సబ్బు తెచ్చి సంచి ముందు కూర్చుంది. రొసల్బా తిట్టబోయి, పక్కనే కూర్చుని నీళ్ళు పోసింది.

"సులేమా, ముందు ఆ మూల..." అని ఒర్తెన్సియా నోరు తెరిచింది.

"ష్," అంది బెనిల్దా. "పిల్ల పనిలో ఉంది."

సాయంత్రం బెనిల్దా తడి బూట్లతో బస్సెక్కుతూ నిర్ణయం చెప్పింది.

"బడికి ఏడేళ్ళు ఇస్తున్నాం. ప్రధానోపాధ్యాయురాలిగా మీకు ఒక్క ఏడాది. అదీ ఒక షరతు మీద."

నక్షత్రాల బోర్డు పొయ్యిలోకి పోయింది. అల్లరివాళ్ళ కుర్చీని మాత్రం ఉంచారు. ఏడాదిపాటు ఒర్తెన్సియా రోజూ ఉదయం అందులో కూర్చుని, నోరు తెరవకుండా, పిల్లలను చూడాలి.