నీలకంఠం గారి ధూప చికిత్స

ఎండ అనాగరికం! ఈ మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది. ఎండలో ఉండాల్సినవి వడియాలు, మాగాయ ముక్కలు, ఉతికిన దుప్పట్లు. ఇంజనీరింగ్ చదివి మేనేజరైన మనిషికి అక్కడేం పని?

ఈ సత్యాన్ని తు.చ. తప్పకుండా ఆచరించిన మహానుభావుడు జంషెడ్‌పూర్‌లో, సిద్ధగోరాలో ఉన్నాడు. పేరు నీలకంఠం. గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీకి మేనేజరు. ఏసీ గదిలో నిద్రలేచి, లిఫ్టులో దిగి, అద్దాలకు తెరలు కట్టిన కారెక్కి, కిటికీలే లేని ఆఫీసులో తేలతాడు. ఇంటికొచ్చేసరికి సూర్యుడు డ్యూటీ దిగిపోయి ఉంటాడు. ఒకే ఊళ్ళో ఉంటూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఏళ్ళు గడిపేశారు!

అలాగని దైవభక్తి లేదనుకునేరు. వాళ్ళది అరసవల్లి ప్రాంతం. పూజగదిలో సూర్యనారాయణమూర్తి పటం ఉంది. ఆ గదికి వెలుతురు రాదు గనక స్వామివారికి ఎల్‌ఈడీ బల్బు పెట్టించాడు.

ఇంతటి క్రమశిక్షణ గల మనిషికి షుగర్ ఎప్పుడో వచ్చింది. మొన్నటి రక్తపరీక్షలో విటమిన్ డి కూడా అడుగంటిందని తేలింది. షుగర్ ఉన్నవాళ్ళలో డి తక్కువైతే గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపిస్తోందని డాక్టరు హెచ్చరించాడు. మాత్రలు రాసి, నడవమని చెప్పి, "రోజ్ థోడీ ధూప్ లీజియే" అన్నాడు.

"ఇంట్లో సూర్యకాంతం ఉండగా ఇంకా ఎండెందుకు?" అని నీలకంఠం పక్కనున్న భార్య వైపు చూసి నవ్వాడు. ఆవిడ పేరు సూర్యకాంతం. తెలుగు రాక డాక్టరు నవ్వలేదు. తెలుగు వచ్చి కూడా ఆవిడ నవ్వలేదు. నీలకంఠం తండ్రి గుండెజబ్బుతోనే పోయాడు మరి.

ఇంటికి రాగానే, కొన్నాళ్ళు ఉండిపోదామని శ్రీకాకుళం నుంచి వచ్చిన తల్లి అసిరమ్మ అడిగింది. "డాట్రు ఏటన్నాడ్రా?"

"రోజూ ధూప్ తీసుకోమన్నాడమ్మా."

"ధూపమా? ఓస్, అంతేనేటి! సాంబ్రాణి నా సంచీలోనే ఉంది!"

హిందీలో ధూప్ అంటే ఎండ అని నీలకంఠానికి తెలీదా? భేషుగ్గా తెలుసు. కానీ ఎండ కావాలంటే కిందికి దిగాలి, చెమట పట్టాలి. ధూపమైతే సోఫాలో కూర్చుని పట్టించుకోవచ్చు. అందుకని హిందీ ధూప్‌ను వదిలేసి తెలుగు ధూపాన్నే ఖాయం చేసుకున్నాడు. మాతృభాషాభిమానమంటే అదీ!

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక చికిత్స మొదలైంది. బొగ్గుకు కొదవ లేని ఊరు కదా, మట్టి మూకుడు నిండా నిప్పులు చేసింది అసిరమ్మ. మందు వృథా కాకూడదని కిటికీలన్నీ మూసేసింది. ఎప్పుడూ అన్నిటికీ అడ్డుచెప్పే సూర్యకాంతం ఈసారి మాత్రం "ఇంకాస్త వెయ్యండి అత్తయ్యా" అని, ఆవిణ్ణి తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

నీలకంఠం పేరుకు తగ్గట్టు ఆ పొగనంతా కాసేపు గొంతులోనే ఉంచుకున్నాడు. ఆ తర్వాత ఉండలేక లుంగీతోనే దగ్గుకుంటూ మెట్లు దిగి గేటు దగ్గర తేలాడు.

"సాబ్, ఆగ్ లగీ క్యా?" అని, ఇంటికి నిప్పంటుకుందేమోనని వాచ్‌మన్ కంగారుపడ్డాడు.

"నహీ భాయ్, దవాయీ చల్ రహీ హై!" అని, మందు వాడుతున్నానని సర్దిచెప్పాడు.

పొగ వదిలేదాకా ఇంట్లోకి పోలేడు. ఊరికే నిలబడితే జనం చూస్తారని అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగాడు. వీపు మీద ఎండ పడింది. పాపం, చాలాకాలానికి కలిసిన చుట్టంలా సూర్యుడు ఆయన్ని వదల్లేదు. మర్నాడూ అదే కథ, ఆ మర్నాడూ అదే. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళినా ఫ్యాక్టరీ ఏమీ ఆగిపోలేదు.

తర్వాతి పరీక్షలో డి పెరిగింది, షుగర్ తగ్గింది. డాక్టరు మెచ్చుకున్నాడు. "సూసినావా! నా ధూపం ఎలా పంజేసిందో!" అని అసిరమ్మ అపార్ట్‌మెంటంతా సాంబ్రాణి పంచి, ఊరికి బయల్దేరింది.

హమ్మయ్య అనుకుని నీలకంఠం మర్నాడు ఏసీ వేసుకుని సోఫాలో కూర్చున్నాడు. వంటింట్లోంచి పొగ వచ్చింది. పొగ వెనకాల సూర్యకాంతం వచ్చింది.

"నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావు, హిందీలో చదువుకున్నావు. ధూప్ అంటే ఏటో నీకు తెలీదేటి?" అని గోలపెట్టాడు.

"తెలుసు. మీకూ తెలుసు," అంది ఆవిడ. ఆవిడ కళ్ళలో నీళ్ళు పొగవల్ల వచ్చినవి కావు. "మావయ్యగారు పోయిన రోజు అత్తయ్య ఎలా కూలబడిపోయారో నాను సూసినాను. నాకా గతి వద్దండీ. డాక్టరు చెప్పినా ఎండలోకెళ్ళని మనిషికి పొగబెట్టక ఏటి సెయ్యమంటారు? లేవండి!"

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

పాఠకుల్లో ఏసీ మేనేజర్లు, షుగరున్న పెద్దమనుషులు చాలామందే ఉంటారు. ఎండ అనాగరికమనే మాటకు ఇప్పటికీ తిరుగులేదు. అయితే మీ ఆవిడ తెచ్చిన సరుకుల్లో సాంబ్రాణి పొట్లం కనబడితే మాత్రం, మర్యాదగా ముందే లేచి బయటికి నడవండి.