పరలోకం సభ్యులకు మాత్రమే!

పరలోకానికి పెద్ద గేటు, ఆ గేటు దగ్గర ఎవరి మొహమూ చూడని సెక్యూరిటీ ఉండి తీరాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. మీరు నవ్వుకున్నా సరే!

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పేరేమిటి, ఫోన్ నంబరేమిటి, ఎవరింటికి అని అడిగితే చిరాకు పడతారే, అదొక వరమండీ! అడ్డమైనవాళ్లనీ లోపలికి పంపించేస్తే ఇక లోపలున్నవాడి గొప్పేముంది? పరలోకమూ అంతే. జ్ఞానస్నానం, అదేనండీ బాప్తిస్మం, సర్టిఫికెట్ ఉందా? దయచేయండి. లేదా? కాస్త పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు.

మా చర్చి కమిటీకి పదకొండేళ్లుగా నేనే సెక్రటరీని. ఆదివారం పూజలో చనిపోయినవాళ్ల పేర్లు చదివేదీ నేనే. ఈ మాట అనే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

మా పై ఫ్లాటాయనకు జ్ఞానస్నానం లేదు. రోజూ గోడలకు డ్రిల్లింగ్ చేస్తాడు. ఆయనకు జ్ఞానస్నానం లేదని తెలిసిన రోజు నా ప్రాణం ఎంత హాయిగా ఉందో! నిత్యజీవమంతా నెత్తిమీద ఆ మోత ఉంటే అది పరలోకం ఎలా అవుతుందండీ? మా బావమరిదికి మాత్రం జ్ఞానస్నానం అయిపోయింది. ఏం చేస్తాం, ప్రతి సిస్టంలోనూ లోపాలుంటాయి.

ఇంత చక్కటి ఏర్పాటును మా ఫాదర్ గారు నీరుగార్చేస్తున్నారు. శ్రీసభకు, అంటే మా కతోలిక సంఘానికి, వెలుపల రక్షణ లేదని పూర్వపు ఫాదర్లు గుండెలదిరేలా చెప్పేవారు. ఇప్పుడేమో, తన తప్పేమీ లేకుండా క్రీస్తును ఎరగనివాడు మనస్సాక్షి చెప్పినట్టు బతికితే వాడికీ రక్షణ దొరకవచ్చట! మరి చిన్నప్పటినుంచి ఆదివారం నిద్ర పాడుచేసుకున్న నేను పిచ్చివాణ్ణా?

అందుకే ముందుజాగ్రత్తగా పై ఫ్లాటాయనకు లిఫ్టులో నాలుగంతస్తులు ఎక్కేలోపు క్రీస్తు గురించిన ఉపదేశం మొత్తం అప్పజెప్పేశాను. ఇక తెలియలేదని తప్పించుకోవడానికి వీల్లేదు!

అసలు గొడవ ఈ వారం వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక నర్సు చనిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన మా అమ్మాయిని కాపాడింది ఆవిడే. మా అమ్మాయికిప్పుడు పదిహేనేళ్లు.

"నాన్నా, ఆదివారం నర్సు పెద్దమ్మ పేరు చదువుతావు కదూ?"

"కుదరదమ్మా. ఆవిడకు జ్ఞానస్నానం లేదు."

"నాకిచ్చింది ఆవిడే కదా!"

నిజమే. ప్రాణాపాయంలో ఎవరైనా ఇవ్వవచ్చు, తాము పొందనివాళ్లయినా సరే. శ్రీసభ ఉద్దేశించినట్టే చేయాలనుకుని నీళ్లు పోసి, 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున' అనే మాటలు అంటే చెల్లుతుంది. రిజిస్టర్లోనూ ఎక్కింది. అయితే మాత్రం? వాచ్‌మన్ రోజూ మనకి గేటు తీస్తాడు. అంతమాత్రాన ఫ్లాటు రాసిస్తామా? మా అమ్మాయి ఈ పాయింటు పూర్తిగా వినను కూడా లేదు. తిన్నగా ఫాదర్ గారి దగ్గరికి పోయింది.

ఫాదర్ గారు నన్ను పిలిపించారు. "చదవండి సెక్రటరీ గారూ. జ్ఞానస్నానం కావాలని దేవుడు మనకి చెప్పాడు గానీ తన చేతులు కట్టేసుకోలేదండీ. అది సరే గానీ, పాపకు ఆవిడ జ్ఞానస్నానం ఇచ్చిన రోజు మీరు అక్కడే ఉన్నారటగా? మీరే ఎందుకివ్వలేదు?"

చూశారా, ఎంత అనవసరమైన ప్రశ్నో!

ఆ రోజు డాక్టరు ఇక కష్టమన్నాడు. నర్సు సిరంజిలో నీళ్లు నింపి నా చేతిలో పెట్టింది. "మీవాళ్లు చెప్పే మాటలు చెప్పండి సార్, త్వరగా" అంది. ఆదివారాలు పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. సిరంజి ఆవిడ చేతిలో పడేసి వరండాలోకి పారిపోయాను.

ఎందరో తల్లిదండ్రుల నోట విని ఉన్న ఆ మాటలను ఆవిడ ఒక్క తప్పు లేకుండా పలికింది. తలుపవతల నుంచి విన్నాను. తర్వాత మా ఆవిడ అడిగితే, "సార్ పక్కనే ఉన్నారమ్మా" అని చెప్పింది. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా నా పరువు తీయలేదు.

ఆవిడ బయట ఉండిపోతుందని కాదండీ నా బెంగ. లోపలే ఉండి, నన్ను చూసి ఏమీ ఎరగనట్టు "రండి సార్" అంటే ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఆదివారం ఆవిడ పేరు చదివాను. మొదటిసారి వెనక బెంచీలకు వినపడలేదన్నారు. మళ్లీ చదివాను.