స్వామిదాసు ప్రహరీ గోడ, వైఫై పుణ్యం

ఇంటి వైఫైని ఇరుగుపొరుగు వాడుకోవడం దొంగతనమని ఎవరన్నారు? అది మహాపుణ్యం! వాడుకున్నవాళ్ళకు కాదండీ, వాడుకోనిచ్చిన ఇంటాయనకు. నమ్మకం లేకపోతే మొయినాబాద్‌లో స్వామిదాసును చూడండి.

రిటైరైన పోస్ట్‌మ్యాన్ స్వామిదాసు ఇంటి ప్రహరీ గోడ మీద పొద్దస్తమానం పదిమంది కూర్చునే ఉంటారు. ఇక వాచ్‌మన్ ఎందుకు? దొంగ వచ్చినా పాస్‌వర్డ్ అడిగి, ఆ గోడ మీదే ఓ పక్కన సర్దుకుంటాడు! మంచినీళ్ళడిగితే లేదనని ఇంట్లో, సిగ్నల్ అడిగితే ఎలా కాదంటారు?

ఈ పుణ్యం గిట్టనిది ఒక్క కూతురు లిదియాకే. "బాపూ, రేపు ఆన్‌లైన్‌ల ఇంటర్వ్యూ ఉన్నది. ఈ నౌకరి పోతే నా గతేంది? పాస్‌వర్డ్ మార్చు."

కూతురి బతుకు కదా! స్వామిదాసు తలుపేసుకుని, ఎవరూ ఊహించలేరనుకున్న పాస్‌వర్డ్ పెట్టాడు. కొత్త సంవత్సరం నాడు చర్చిలో ఇచ్చిన బైబిల్ వాగ్దాన వాక్యం, వచనం నంబరుతో సహా! మరిచిపోతానన్న ఫికర్ కూడా లేదు, గుమ్మం మీద అంటించే ఉంది.

సాయంత్రానికి గోడ మళ్ళీ నిండింది.

"ఎట్ల తెలిసిందమ్మా మీకు?" అని లబోదిబోమన్నాడు స్వామిదాసు.

"మా గుమ్మం మీద గూడ గదే వాక్యమున్నది గదన్నా!" అంది పక్కింటి కృపాజ్యోతి. సంఘంలో అందరికీ ఇచ్చింది అదే మరి. చర్చి ముఖం చూడని బాలరాజ్ మాత్రం, "నేను మీ గుమ్మం చూసే కొట్టిన," అన్నాడు గర్వంగా. వాక్యాన్ని ఇంత శ్రద్ధగా చదివించే సాధనం ఇంకొకటుందా?

మర్నాడు ఇంటర్వ్యూలో, ప్రశ్న అడుగుతున్న సారు తెర మీద నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. లిదియా కళ్ళల్లో నీళ్ళు! స్వామిదాసు కుంటుకుంటూ బయటికి ఉరికాడు.

"మీ కాల్మొక్కుత, జర ఫోన్లు బంద్ చేయుండ్రి! పిల్ల నౌకరి పోతది!"

మంచివాళ్ళండీ, పాపం. అందరూ బంద్ చేశారు. సారు కదిలాడు, లిదియా గొంతు గలగలా వినిపించింది. గోడ మీదివాళ్ళు ఏం చేయాలో తోచక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"అన్నా, కుంటుతున్నవేంది?" అన్నాడు బాలరాజ్.

ఆయన కుంటడం మొదలై ఏడాదైంది! అయినా స్వామిదాసు ముఖం వికసించింది. "మోకాలురా తమ్మీ. దవాఖానకు పోతే ఏమన్నరంటే..."

"బాపూ, అయిపోయింది! మస్తు చెప్పిన!" అంటూ లిదియా బయటికొచ్చింది. అంతే, తలలన్నీ మళ్ళీ ఫోన్లలోకి వంగాయి. దవాఖానలో ఏమన్నారో అడిగిన నాథుడు లేడు.

స్వామిదాసు లోపలికెళ్ళి రౌటర్ స్విచ్ ఆపి వచ్చాడు.

"అన్నా, నెట్ పోయింది!" తలలన్నీ ఒక్కసారే లేచాయి.

"ఎడమ మోకాలు," అన్నాడు స్వామిదాసు, గోడ మీద చోటు చేసుకుని కూర్చుంటూ.