చెన్నరాయప్పన్న హస్తవాసి

"ఈ నెలాఖరు లోపల మత్తూరు చుట్టుపక్కల వైరస్ అనేదానికి అడ్రస్సే ఉండకూడదు. ఇది నా ఆజ్ఞ" అని చెన్నరాయప్పన్న బస్టాండు ముందర మైకులో ప్రకటించారు.

ఆజ్ఞ ఎవరికో నాకు వెంటనే తెలియలేదు. పక్కనున్న కార్యకర్తను అడిగాను. "వైరస్‌కేనప్పా" అన్నాడు. నాయకులు అధికారులను ఆజ్ఞాపించడం చూశాను, పోలీసులను ఆజ్ఞాపించడం చూశాను. కంటికి కనపడని ప్రాణిని ఆజ్ఞాపించినవారిని మొదటిసారి చూశాను. పత్రికల్లో ఆ సభ ఫోటో ఒక్కటే వచ్చింది కనుక, తరువాతి సంగతులు పాఠకులకు చెప్పడం నా ధర్మం.

చెన్నరాయప్పన్న పార్టీ జిల్లా కార్యదర్శి. కొత్తగా పుట్టిన టమోటా వైరస్ నిర్మూలన కమిటీకి అధ్యక్షులు. నాది మత్తూరులో పురుగుమందుల అంగడి కనుక మీటింగులకు నన్నూ పిలిచారు. పన్నెండేళ్లుగా వైరస్‌కు మందు అమ్ముతున్నాను. వైరస్‌కు మందు లేదని కమిటీ మొదటి మీటింగులోనే తెలిసింది. తోటల శాఖ ఆఫీసరు సహన గారు అందరి ముందూ ఆ మాట అనేశారు. చిన్న వయసు, నోటి జాగ్రత్త తక్కువ.

"ఇది మొజాయిక్ తెగులు సార్" అన్నారామె. "పురుగు కాదు, బూజు కాదు. మొక్క రసంలో ఉంటాది. చేతికి, కత్తికి, గుడ్డకు అంటుకొని ఇంకో మొక్కకు పోతాది. తెగులు మొక్కను పీకి పూడ్చేయాల. చేతులు సబ్బుతో కడుక్కోవాల, పాలలో ముంచుకున్నా మేలే. బాగుండే తోటకు ముందు పోవాల, తెగులు తోటకు కడాన పోవాల."

"మందే లేదంటే మేము ఉచితంగా ఇచ్చేది దేన్నమ్మా?" అన్నారు అన్న.

"అవగాహన ఇయ్యండి సార్."

"దానిమీద నా ఫోటో యాడ అంటించేది?"

మళ్లీ అన్నే, "పాలు అన్నావే, అది బాగుండాది" అన్నారు. అప్పటికప్పుడు నలభై లీటర్లకు ఆర్డరు వెళ్లింది.

కమిటీ తోటతోటకూ తిరిగే యాత్ర రోజు పొద్దున్నే పాలు వచ్చాయి. బస్టాండు దగ్గర అన్నది ముప్పై అడుగుల కటౌటు నిలబెట్టి ఉంది. పాలనూ కటౌటునూ ఒకేచోట పెడితే మా వైపు ఏం జరుగుతుందో చిన్నబిడ్డను అడిగినా చెబుతుంది. కార్యకర్తలు నిచ్చెన వేసి ఎక్కారు. నలభై లీటర్లూ అన్న తల మీదుగా కారి మోరీలో కలిశాయి.

"అయ్యో, అవి చేతులకు తెచ్చిన పాలు" అన్నారు సహన గారు.

"చేతిమీద కూడా పోసినాము మేడం, చూడండి" అని ఒకడు కటౌటులో పైకెత్తిన చేయి చూపించాడు. నిజమే, పోశాడు.

తెగులు తోటకు చివర వెళ్లాలి కదా. కానీ టీవీవాళ్లు పదిగంటలకు వేరే పనిమీద పోవాలన్నారు. తెగులే లేని తోటలో వాళ్లు తీసేదేముంది? అందుకని మొదట వీరాస్వామి తోటకే వెళ్లాము. పాపం, ఆయన తోటంతా మొజాయికే. అన్న పంచె ఎగ్గట్టి ఒక మొక్కను వేళ్లతో సహా పీకారు. కెమెరా ఆన్ కాలేదన్నారు. ఇంకొకటి పీకారు. ఎండ మొహాన పడిందన్నారు. అలా పదకొండు మొక్కలు పీకారు. మణికట్టు దాకా పచ్చటి రసం. వైరస్ గొంతు పిసికినట్లు చివరి మొక్క ఆకులను గుప్పిట్లో నలిపి చూపించారు. ఆ షాటు అద్భుతంగా వచ్చింది.

అక్కడినుంచి నేరుగా ఇంద్రాణి తోటకు.

ఇంద్రాణి గురించి చెప్పాలి. ఆరేళ్లు హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసింది. గంట కొడితే తినాలి, గంట కొడితే లేవాలి, నా బతుకు నాకు కావాలప్పా అని వచ్చేసి, ఒకటిన్నర ఎకరం గుత్తకు తీసుకుని టమోటా పెట్టింది. చుట్టూ అన్ని తోటలూ మచ్చలుపడి పోతుంటే ఆమె తోట ఒక్కటే కళకళలాడుతూ ఉండింది. పొగాకునుంచీ ఈ తెగులు అంటుతుందని, బీడీ తాగిన చేత్తో మొగుణ్ని కూడా సాలులోకి రానిచ్చేది కాదు. కూలీలకు వాకిట్లోనే నీళ్లూ సబ్బూ. ఈ పంట నిలిస్తే ఊళ్లో బతుకుతుంది, పోతే మళ్లీ షిఫ్టుకే. అది నాకూ తెలుసు, ఊరికీ తెలుసు.

ఆ రోజూ తడక దగ్గర బకెట్టు పెట్టుకుని నిలబడింది.

"అన్నా, చేతులు కడుక్కొని రాండి" అంది, సబ్బు చాపుతూ.

కార్యకర్తలు గతుక్కుమన్నారు. "ఏమ్మా, అన్న చేతులకు ఏమంటింది? టీవీ ముందర అన్న చేతులు కడుక్కుంటే ఎదుటి పార్టీవాళ్లు ఏమంటారు? ఇన్నాళ్లకు మురికి ఒప్పుకున్నాడు అనరా?"

"నేను మాట్లాడేది టమోటా గురించన్నా."

"అంతా అట్లనే మొదలుపెడతారు."

ఆ రాజకీయ జ్ఞానానికి నేను లోలోపల నమస్కరించాను. సహన గారు నోరు తెరిచేలోపల ఆమె చేతిలో ఎవరో పూలమాల పెట్టి, పట్టుకోండి మేడం అన్నారు. అన్న లోపలికి వెళ్లారు. ఒక్కో మొక్కనూ బిడ్డ తలలా నిమిరారు. "ఏ చెట్టూ తాను తక్కువని అనుకోకూడదు" అంటూ ఒక్క సాలు కూడా వదల్లేదు. ఆఖర్న, ఈ తోటలో వైరస్ లేదని సంతకం పెట్టిన సర్టిఫికేటు ఇంద్రాణికి ఇచ్చారు. ఆ నిమిషానికి అది నిజమే అయుండాలి.

మూడు వారాలకు ఆకులు మారాయి. ముదురుపచ్చ, లేతపచ్చ గళ్లు. కొసలు సన్నబడి దారాల్లా వేలాడాయి. సహన గారు పరుగున వచ్చి, "ఇప్పుడే ఈ నలభై చెట్లు పీకేయమ్మా, మిగిలింది దక్కుతాది" అన్నారు. ఇంద్రాణి మొదటి మొక్కమీద చేయి వేసిందో లేదో కమిటీవాళ్లు దిగారు.

"పీకితే తెగులు ఉండాదని ఒప్పుకున్నట్ల గదా. వైరస్‌ను తరిమినామని విజయోత్సవం చేస్తాండాము, అదయ్యేదాకా ఓర్చుకోమ్మా."

"ఎప్పుడన్నా ఉత్సవం?"

"అన్నకు డేట్ కుదరాల."

డేట్ కుదరడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఈలోగా సహన గారిని ఊత్తంగరైకి బదిలీ చేశారు. పార్టీ తరఫున వీడ్కోలుకు శాలువా కప్పారు, అది మాత్రం మెచ్చుకోవాలి. ఉత్సవంలో అన్న గంటన్నర మాట్లాడారు. తోటలో నలభై చెట్ల తెగులు ఒకటిన్నర ఎకరానికీ పాకింది. కాయ కోస్తే లోపల గోధుమరంగు. మండీవాళ్లు పెట్టెలు దించనివ్వలేదు. ఇంద్రాణి నా అంగడి మెట్టుమీద కూర్చుని ఏడ్చింది. ఆమెకూ వైరస్ మందు అమ్మినవాణ్ని నేనే కనుక నాకు తలెత్తబుద్ధి కాలేదు. నష్టపరిహారానికి అర్జీ రాసిస్తాను రమ్మన్నాను.

అర్జీ తీసుకుని ఇద్దరమూ హోసూరు వెళ్లాము. అన్న ఊరి బయట వల కప్పిన తన షేడ్‌నెట్ తోటలో ఉన్నారన్నారు. నాలుగెకరాల క్యాప్సికం. గేటు తరువాత ఇంకో గేటు. నడుమ సున్నపు నీళ్ల తొట్టి. కూలీలు చెప్పులు విడిచి, బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా సబ్బు పెట్టి తోముకుని లోపలికి వెళుతున్నారు.

తెల్లకోటు, చేతితొడుగులతో అన్న వల వెనుకనుంచి కనిపించారు. మమ్మల్ని చూడగానే రెండు చేతులూ అడ్డంగా ఊపారు.

"అమ్మా, ఆడనే నిలబడు. తెగులు తోటనుంచి వస్తాండావు గదా, తెలీదా నీకు?"

ఇంద్రాణి ఆ తొడుగులవైపే చూసింది. తరువాత అర్జీ చాపింది.

"కాగితానికి గూడా అంటుకొని వస్తాదమ్మా. పైకి పట్టుకో, మంజు ఫోటో తీస్తాడు" అన్నారు అన్న.

డ్రైవరు మంజు బయటికి వచ్చి ఫోటో తీశాడు. అన్న లోపలికి తిరిగి, రెండడుగులు వేసి ఆగారు.

"మంజూ, ఆయమ్మ నిలబడిన తావులో బ్లీచింగ్ చల్లించప్పా."