బొమ్మ కాలికి ఆరు కట్లు

దవాఖానలో పనిచేసేవాళ్లకు ఎన్నిసార్లు ట్రైనింగ్ ఇస్తే దేశం అంత ఆరోగ్యంగా ఉంటుంది. ఒకసారి నేర్చుకుంటే చాలదు. రెండుసార్లు చాలదు. దవాఖాన మారిన ప్రతిసారీ అప్పుడే పుట్టినట్టు మొదటి నుంచి నేర్చుకోవాలి! ఈ మాట నేను గాలికి అనడం లేదు. నా ట్రంకుపెట్టెలో పదకొండు సర్టిఫికెట్లు ఉన్నాయి. చీరలు నాలుగే.

నేను మెదక్‌లో ఆయాను. పొద్దున ఒక ప్రైవేటు దవాఖాన, మధ్యాహ్నం స్కానింగ్ సెంటర్, సాయంత్రం ఇంకో ప్రైవేటు దవాఖాన. పేర్లు చెప్పను. చెబితే, పేర్లు బయటపెట్టకుండా ఉండడం ఎలా అని పన్నెండో ట్రైనింగ్ పెడతారు.

చేతులు కడగడమే తీసుకోండి. పొద్దున దవాఖానలో ఆరు స్టెప్పులు. సాయంత్రం దవాఖానలో ఏడు. స్కానింగ్ సెంటర్‌లో ఎనిమిది. ఆ ఎనిమిదోది యజమాని ఫొటోకు దండం పెట్టడం కోసం కలిపారని నా అనుమానం. పొద్దున కడిగి చూపించిన చేతులనే సాయంత్రం మళ్లీ ఎందుకు కడిగి చూపించాలని ఒకసారి నోరు జారి అడిగాను. "ఆ ట్రైనింగ్ ఆ దవాఖానకే చెల్లుతది ఆయమ్మా" అన్నారు. ఎంత న్యాయం! ఊళ్లో క్రిములన్నీ ఏ దవాఖానవి ఆ దవాఖానలోనే ఉంటాయి కదా. గేటు దాటి పక్క దవాఖానకు పోవు కదా!

ట్రైనింగ్ హాలు రెండో అంతస్తులో ఉంటుంది. అక్కడ నల్లా లేదు. అందుకని గాలిలో కడుగుతాం. ముప్పై మందిమి వరుసగా నిలబడి ఉత్త చేతులు రుద్దుకుంటుంటే, ఎదురు మేడ మీద బట్టలు ఆరేసే అమ్మ మాకేదో సోకిందని పిల్లలను లోపలికి తీసుకుపోయింది.

మంటలు ఆర్పడం మూడు చోట్లా నేర్చుకున్నాను. అదే ఎర్ర సిలిండర్, అదే పిన్ను. ఆ పిన్ను మాత్రం ఎక్కడా పీకనివ్వలేదు. పీకితే మళ్లీ నింపించాలట. కాబట్టి పీకినట్టు నటించాలి. రేపు నిజంగా మంట లేస్తే నా నటనలో ఏ లోటూ రానివ్వనని పాఠకులకు మాట ఇస్తున్నాను.

ఇవన్నీ చిన్న లాభాలు. అసలు లాభం తెలియాలంటే మీకు తాజ్ బీ కాలి సంగతి చెప్పాలి.

తాజ్ బీది చర్చి గేటు ముందర గాజుల బండి. షుగర్ మనిషి. ఎడమ పాదం మీద పుండు లేచి, నేను పొద్దున పనిచేసే దవాఖానలో చేరింది. సర్జన్ గారు చూసి ఒకటే మాట అన్నారు. "రోజూ కట్టు విప్పాలె, కడగాలె, చచ్చిన తోలు తీసెయ్యాలె. నాలుగు రోజులు ఆగిండ్రనుకో, వేలు పోతది. ఇంకా ఆగితే పాదమే పోతది."

ఆ పని మార్తమ్మ సిస్టర్ చేసేది. పద్దెనిమిదేళ్లుగా పుండ్లకు కట్లు కడుతున్న చెయ్యి అది. ఆమె కట్టు విప్పుతుంటే పేషెంటు ఇంటి సంగతులు చెప్పుకుంటూ ఉంటాడు. "ఇంకెప్పుడు విప్పుతవమ్మా?" అని అడిగేసరికి కొత్త కట్టు కట్టడం కూడా అయిపోయి ఉంటుంది.

అంతలో సర్జన్ గారు నేను సాయంత్రం పనిచేసే దవాఖానకు మారారు. ఆయన వెంట మార్తమ్మ మారింది. ఇద్దరి వెంట తాజ్ బీ కాలు కూడా మారింది.

సోమవారం పదింటికి సర్జన్ గారు కొత్త దవాఖానలో అడుగుపెట్టారు. పదకొండింటికి ఒకరి కడుపు కోశారు. ఆయనకు ట్రైనింగ్ లేదు. కత్తికి ఎందుకండీ ట్రైనింగ్? దూదికి కావాలి కానీ! మార్తమ్మను మాత్రం హెచ్ఆర్ హర్షిత్ సార్ గదిలో కూర్చోబెట్టారు.

"మీ సర్టిఫికెట్లు మంచిగనే ఉన్నయి సిస్టర్. కానీ అవి వాళ్ల ఫార్మాట్‌ల ఉన్నయి. మా ఫార్మాట్‌ల ఆరు రోజుల ఇండక్షన్ ట్రైనింగ్ జేయాలె. అప్పటిదాక పేషెంట్‌ను ముట్టొద్దు. ముడితే నౌకరి ఉండదు."

"పుండు గూడ వాళ్ల ఫార్మాట్‌లనే ఉన్నది సార్. దాన్ని ఆరు రోజులు ఆగుమని మీరే చెప్పుండ్రి" అంది మార్తమ్మ.

హర్షిత్ సార్ నవ్వారు. నవ్వడం కూడా ట్రైనింగ్‌లో ఉంది. చిరాకు పడిన మనిషితో మాట్లాడే పాఠం, మూడో స్లైడు.

అయితే తాజ్ బీని గాలికి వదిలేశారని అనుకోకండి! ఆమెకు ప్రవీణ్‌ను ఇచ్చారు. ఆ దవాఖాన సర్టిఫికెట్లన్నీ ఉన్న పిల్లవాడు. డ్రెస్సింగ్ పరీక్షలో నూటికి నూరు. సోమవారం వచ్చి చక్కగా కట్టు కట్టాడు. మంగళవారం కట్టాడు. బుధవారం కట్టాడు. ముడి ఎంత అందంగా వేశాడంటే పెళ్లిలో బహుమతి పొట్లాం కూడా అలా ఉండదు. మూడు రోజులూ ఫైలులో టిక్కు పెట్టాడు. సర్జన్ గారు రౌండ్లలో మంచం కొస నుంచే చూసి "డ్రెస్సింగ్ బాగుంది" అని ముందుకు పోయారు. నిజంగానే బాగుంది. ఆనపకాయంత ఉంది.

బుధవారం సాయంత్రం తట్ట పట్టుకుని పక్కన నిలబడితే నాకు సంగతి తెలిసింది. నేను మంగళవారం తుడిచినప్పుడు అంటిన ఫినాయిలు మరక నిన్నటి కట్టు మీద అలాగే ఉంది. అతడు దాని మీదే కొత్త కట్టు చుడుతున్నాడు.

"ఏం బిడ్డా, పాతది విప్పవా?"

"విప్పుడు మాడ్యూల్‌ల లేదు ఆయమ్మా. మాకు బొమ్మ మీద కట్టుడే చూపెట్టిండ్రు."

తప్పు అతడిది కాదు. ట్రైనింగ్‌కు వచ్చే ప్లాస్టిక్ బొమ్మ కాలు ప్రతిసారీ శుభ్రంగానే వస్తుంది. దాని కింద పుండు ఉండదు, చీము ఉండదు, నిన్నటి కట్టు ఉండదు. విప్పే అవసరం బొమ్మకు రాలేదు కనుక మనిషికి కూడా రాదని తేల్చారు.

నేను పరుగున పోయి మార్తమ్మకు చెప్పాను. ఆమె పోయి హర్షిత్ సార్‌కు చెప్పింది. ఆయన ఫైలు తెరిచి మూడు టిక్కులు చూపించారు. అక్షరాలా మూడు. ఇంకేం కావాలి?

గురువారం ప్రాక్టికల్ పరీక్ష. హైదరాబాద్ నుంచి ఇషిత మేడం వచ్చారు. టేబుల్ మీద బొమ్మ పడుకుంది. ఒకరి తర్వాత ఒకరు దాని కాలికి కట్టు కట్టారు. సాయంత్రానికి ఆరు కట్లు. ప్రతి కట్టుకూ కొత్త దూది, కొత్త గ్లౌజులు, ఒక ఫొటో. అంత సేవ ఆ దవాఖానలో ఇంకెవరికీ జరగలేదు. మార్తమ్మ వంతు ఇంకా రాలేదు.

కింద వార్డులో తాజ్ బీ నా కొంగు పట్టుకుంది.

"ఆయమ్మా, నా కాలు నాకే వాసనొస్తుంది. మార్తమ్మ ఏడున్నది?"

"పైన. బొమ్మకు కట్టు కట్టుటానికి లైన్ల నిలవడ్డది."

"బొమ్మకా? దానికి షుగర్ ఉన్నదా?"

"లేదు."

"పుండు?"

"అదీ లేదు."

"దాని నసీబ్ అది. నడువు, నన్ను గూడ పైకి తీస్కపో."

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, లిఫ్టులో పైకి తోసుకుపోయాను. రోగి కుర్చీని తోయడంలో నాకు మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి కనుక ఎవరూ ఆపలేదు. హాల్లో అడుగుపెట్టగానే హర్షిత్ సార్ లేచారు.

"అమ్మా, పేషెంట్లు ఈడికి రావద్దు."

"పేషెంట్ ఎవరు బేటా?" అంది తాజ్ బీ. "నేను బొమ్మను. దాన్ని జర పక్కకు జరుపుండ్రి, నేను పండుకుంట."

కాలు వాసన అప్పటికే హాలంతా నిండింది. ఇషిత మేడం తన కాగితాలు అటూ ఇటూ తిప్పారు. 'మోడల్ మీద ప్రదర్శన' అని రాసి ఉంది. మోడల్ ప్లాస్టిక్‌దే అయి ఉండాలని ఎక్కడా రాసి లేదు. ఆమె బొమ్మను తనే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. దాని చోట తాజ్ బీ పడుకుంది, మార్తమ్మ వంతు వచ్చింది.

మార్తమ్మ బుధవారం కట్టు విప్పింది. మంగళవారంది విప్పింది. సోమవారంది పచ్చగా తడిసి ఉంది. దాని కింద, ఆదివారం పాత దవాఖానలో తన చేత్తో తనే కట్టిన కట్టు చర్మానికి అతుక్కుపోయింది. ఉప్పునీళ్లు పోసి నానబెడుతూ, "మీ తౌసిఫ్ ఆటో ఎట్ల నడుస్తుందమ్మా?" అని అడిగింది. తాజ్ బీ కొడుకు సంగతి మొదలుపెట్టింది. పరీక్షకు దూది అందించడానికని పొద్దుటి నుంచి పైనే ఉన్న ప్రవీణ్ చూశాడు. కళ్లు తిరిగి నేల మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి కూడా తల తిప్పకుండా చూశాడు.

చిటికెన వేలు నల్లబడింది. సర్జన్ గారిని పిలిపించారు. మరునాడు వేలు తీసేశారు. పాదం మిగిలింది.

దవాఖాన లెక్క ప్రకారం అన్నీ సరిగ్గా జరిగాయి. మూడు డ్రెస్సింగ్‌లు, మూడు టిక్కులు. ట్రైనింగ్ నూటికి నూరు శాతం పూర్తి. మార్తమ్మకు తొంభై రెండు మార్కులు వచ్చాయి. ప్రదర్శన జరుగుతుండగా మోడల్‌తో మాట్లాడినందుకు ఎనిమిది కోశారు.

ఈ మధ్య కొందరు ఒక ప్రమాదకరమైన మాట అంటున్నారు. దవాఖానలన్నీ కూర్చుని ఒకే ట్రైనింగ్ ఒప్పుకోవాలట. ఒకచోట నేర్చుకున్నది అన్నిచోట్లా చెల్లాలట. నమ్మకండి! ఆ పద్ధతి వల్ల ఎంత నష్టమో నాకు తెలుసు. నేను యాభై మూడేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాను. మెదక్‌లో ఒక్కసారి నేర్చుకున్నాను, అంతే. రామాయంపేట బస్సు బోర్డు చదవడానికి రామాయంపేట వాళ్లు నాకు మళ్లీ 'అ' దిద్దించలేదు. మనోహరాబాద్ స్టేషన్‌లో ఇండక్షన్ పెట్టలేదు. ఒక టీచరమ్మ నేర్పిన అక్షరం ఊరూరా చెల్లిపోయింది. ఎంతమంది ట్రైనర్లకు పని పోయిందో, ఎన్ని ఫొటోలు తీయకుండా మిగిలిపోయాయో ఆలోచించండి. పైగా నాలాంటిది ఫైలులో టిక్కులు చదవగలిగే దాకా వచ్చింది. ఇంతకంటే అనర్థం ఉంటుందా?

సర్జన్ గారు వచ్చే నెల నుంచి రామాయంపేటలో ఇంకో దవాఖానకు మారుతున్నారు. మార్తమ్మను రమ్మన్నారు. అక్కడ ఇండక్షన్ ఎనిమిది రోజులు, మొదటి రోజు చేతులు కడగడం. ఈ సంగతి చెబుదామని గాజుల బండి దగ్గరికి పోయాను. తాజ్ బీ ఒక పిల్ల చేతికి గాజులు ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆడ బొమ్మ ఉన్నదో లేదో అడుగు ఆయమ్మా. లేకుంటే నేనే వస్త. ఇంకా తొమ్మిది వేళ్లున్నయి."