బొంత రిజిస్టరు

మనిషికి పేరెందుకు, గుడ్డముక్క చాలదా అని అడిగిన మొట్టమొదటి పరిపాలనా వ్యవస్థ సూర్యాపేట బస్టాండు వెనక, దర్జీ సోమన్న దుకాణంలో పుట్టింది. జాకెట్టు గుడ్డ తెచ్చినవాళ్ల పేర్లు అతను రాసుకోడు. (ఒక్క మోతె ఊరి నుంచే ఆరుగురు జానకమ్మలు వస్తారు, పేరు ఏం తేలుస్తుంది?) గుడ్డ అంచున వేలెడు ముక్క కత్తిరించి, నోటుబుక్కులో గుండుసూదితో గుచ్చి, కింద ఊరు రాస్తాడు; జాకెట్టు ఇచ్చేశాక ఆ ముక్క తీసేస్తాడు. ఈ పద్ధతిలో పదేళ్లుగా ఒక్క జాకెట్టూ తప్పిపోలేదు. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

ఇంకో నిబంధన ఉంది: ఒక్క పీలిక కూడా వృథా కావొద్దు. మిగిలిన ముక్కలన్నీ సంచిలో వేసి ఇంటికి తెస్తే, అతని తల్లి సత్తెమ్మ వాటిని అతికి బొంత కుడుతుంది. పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, చలికాలానికని తనకోసం కుట్టుకుంటున్న బొంత పూర్తిచేసింది. లోపల రెండు పాత చీరలు, పైన రంగురంగుల ముక్కలు, చూడముచ్చటగా ఉంది. చుట్టూ అంచుకు చిన్నముక్కలు తక్కువపడితే, ఆ రోజు కొడుకు ఇంట్లో మరిచిపోయిన నోటుబుక్కు తీసి, గుండుసూదులు ఊడబెరికి, ఆ ముక్కలన్నీ వాడేసింది. ఆమెను తప్పుపట్టే వీలు సోమన్నకు లేకపోయింది. నిబంధన అతనిదే.

దుకాణంలో నూటముప్పై జాకెట్లు వేలాడుతున్నాయి. ఎవరివో చెప్పే ముక్కలు బొంతలో ఉన్నాయి. సోమన్న కంగారుపడలేదు. (కంగారుపడేవాడు దర్జీ కావచ్చు గానీ అధికారి కాలేడు.) బొంత తెచ్చి దుకాణం గోడకు తగిలించి, ఇకనుంచి అదే రిజిస్టరని ప్రకటించాడు. వచ్చినవాళ్లు బొంత మీద తమ ముక్కను చూపుడువేలితో చూపాలి, ఊరు చెప్పాలి, అతను సుద్దతో దానిమీద టిక్కు పెట్టాలి. అప్పుడే జాకెట్టు కిందికి దిగుతుంది. లైను బస్టాండు దాకా పోయింది.

పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి వచ్చిన మంగ్లీకి తన జాకెట్టు కళ్లెదుటే కనబడుతోంది.

"గాడనే కనవడుతుంటే గీ బొంతల దేవులాడుడెందుకన్నా?" అని అడిగింది.

"జాకెట్టు జాకెట్టే, రికార్డు రికార్డే," అన్నాడు సోమన్న.

ఆమె గంటసేపు వెతికి, ముక్క చూపించి, జాకెట్టు తీసుకుపోయింది.

పండుగ అయిపోయింది. అంచు ముక్కలన్నింటికీ టిక్కులు పడ్డాయి, ఒక్క నీలం ముక్కకు తప్ప. రికార్డు మూయనిదే బొంత దింపడానికి లేదు. చలి మొదలైందని, బొంత ఇమ్మని సత్తెమ్మ రెండుసార్లు అడిగింది. ఒక్క కేసు పెండింగులో ఉందని సోమన్న చెప్పాడు. ఆమె గోనెపట్టా కప్పుకుంది. అది చూసి అతనికి నిజంగానే బాధేసింది. ఆ బాధతోనే, నీలం ముక్క తాలూకు మనిషి వెంటనే హాజరుకావాలని బస్సు కండక్టర్ల చేత మిర్యాలగూడకూ కోదాడకూ కబురంపాడు. కోదాడ నుంచి ఒకావిడ వచ్చి, చూసి, తమది ముదురు నీలమండీ అని చెప్పి వెళ్లిపోయింది. సోమన్న ఆ అభ్యంతరాన్ని కూడా రాసుకున్నాడు. ఎంతకీ రాని ఆ మనిషికి బాధ్యతన్నదే లేదని నెలరోజులు తిట్టుకున్నాడు.

పుష్యమాసంలో ఒక పొద్దున సత్తెమ్మ కర్ర పట్టుకుని దుకాణానికే వచ్చింది. లైను లేకపోయినా కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత మెల్లగా నడిచి, టిక్కులేని ముక్కేదో వెతికి, దానిమీద చూపుడువేలు పెట్టింది.

సోమన్న బుక్కులోంచి తలెత్తలేదు. "ఏ ఊరమ్మా?"

"గీ ఊరే బిడ్డా. నీకిచ్చి మూడు దసరలాయె. పనిల ఉన్నవని అడగలే."

గొంతు విని తలెత్తాడు. అలమర అడుగున, ఊళ్లన్నింటి గుడ్డల కింద, అంచున వేలెడు ముక్క తీసింది తప్ప కత్తెర తగలని నీలంగుడ్డ మడత దొరికింది. ఇంటి మనిషిదే కదా, ఎప్పుడైనా కుట్టొచ్చని పక్కన పెట్టినట్టు అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో తల్లి ముఖం చూడలేకపోయాడు. బొంత దింపి ఆమె భుజాల చుట్టూ కప్పి, ముక్కమీద టిక్కు పెట్టి, పద్ధతి ప్రకారం వివరాలు రాసుకున్నాడు.

నీలం. ఊరు: సూర్యాపేట. ఆలస్యం: మూడేళ్లు. ఫిర్యాదు: లేదు.